అధ్యక్షుడి పక్కన నిలబడే మనిషి

1979 అక్టోబరు 12, శుక్రవారం, ఉదయం పది గంటలకు విశ్వనాథం గారు షార్జాలో రోలా ప్రాంతంలోని మా ఫ్లాటుకు వచ్చారు. శుక్రవారం సెలవు కాబట్టి నాతో గదిని పంచుకునేవారు ఇంకా ముసుగులు తీయలేదు. నేను వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, నా మంచం అంచున కూర్చుని, ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వచ్చారు. షార్జా తెలుగు సంఘం అధ్యక్ష పదవికి తాను పోటీ చేస్తున్నానని, తనతో జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలబడే మనిషి కావాలని చెప్పారు.

"మనుషుల్ని ఏరడమే కదండీ మీ ఉద్యోగం. నాకూ ఒకరిని ఏరి పెట్టండి. ఆ ఒకరు మీరే అయితే నాకు ఇంకా సుఖం," అన్నారు.

నేను అప్పుడు ఒక నిర్మాణ సంస్థలో పర్సనల్ ఆఫీసరును. ఇప్పుడు అదే పనిని వేరే పేర్లతో పిలుస్తున్నారు. ఆ పనిలోకి కొత్తగా వస్తున్న యువతీయువకులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు: మనిషిని ఎలా ఎంచుకోవాలి? దానికి నేను ఇచ్చే సమాధానమంతా ఆ శుక్రవారం మొదలైన పనిలో ఉంది. అది నా ఉద్యోగంలో భాగం కాదు. దానికి నాకెవరూ జీతమివ్వలేదు. అయినా నా ఉద్యోగమంటే ఏమిటో నాకు స్పష్టంగా తెలియజెప్పినది అదే.

రెండో మనిషి

మాది సిరిసిల్ల. మా నాన్న మగ్గం నేసేవాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే. అందువల్ల ఉద్యోగంలో చేరిన కొత్తలో పుస్తకంలో ఉన్నదంతా నిజమని నమ్మేవాణ్ని. అర్హతలు చూడాలి, అనుభవం చూడాలి, సిఫారసులు చూడాలి అని పుస్తకం చెప్పింది. మొదటి స్థానంలో ఉండే మనిషిని ఎంచుకునేది మనం కాదని మాత్రం చెప్పలేదు. ఫోర్‌మన్‌ను ముదీర్, అంటే మేనేజరు, తెచ్చుకుంటాడు. ముదీర్‌ను కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, తెచ్చుకుంటాడు. మన చేతికి వచ్చేది వారి పక్కన నిలబడవలసిన మనిషి ఎంపిక ఒక్కటే. ఆ మనిషి సరైనవాడైతే మొదటి మనిషి గొప్పవాడిగా కనిపిస్తాడు. కాకపోతే ఎంతటివాడైనా మునుగుతాడు.

ఖోర్ ఫక్కాన్‌లో ఓడరేవు పనికి మా కంపెనీ మనుషుల్ని పంపినప్పుడు ఇది మొదటిసారి చూశాను. అక్కడి ఫోర్‌మన్ పెషావరు వైపు పఠాన్, పనిలో దిట్ట, నోరు పెద్దది. అతనికి సహాయకుడిగా మా ముదీర్ ఎంతో మర్యాదస్తుడైన కుర్రవాణ్ని ఎంచుకున్నాడు. ఏం చెప్పినా "హాఁజీ" అనేవాడు. పరిశీలకుడు రాకముందే ఒక గోడకు కాంక్రీటు పోయమన్నాడు ఫోర్‌మన్. కుర్రవాడు "హాఁజీ" అన్నాడు. గోడను మళ్ళీ పగలగొట్టవలసి వచ్చింది. ముదీర్ నన్ను పిలిచి, ఈసారి ఆ పఠానుకు ఎదురుగా నిలబడి ఆగమనగలిగే మనిషిని వెతకమన్నాడు. ముదీర్ పాలస్తీనా దేశస్థుడు, తొందర మనిషి, కానీ ఒకే తప్పును రెండుసార్లు చేసేవాడు కాదు. నా పై అధికారులలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆయన దగ్గరే.

విశ్వనాథం గారి లెక్క

ఇక సంఘం సంగతి. మాది సొంత అనుమతి పత్రమున్న సంస్థ కాదు, ఒక పెద్ద భారతీయ సంఘం నీడలో నడిచే తెలుగు విభాగం. అయినా పదవుల పేర్లకు లోటు లేదు. అధ్యక్షుడు వేదిక మీద మాట్లాడతాడు, రాయబార కార్యాలయానికి అర్జీలు పెడతాడు. ఉపాధ్యక్షుడి పని వేరు. ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే చూడాలి, పోలీసు స్టేషనులో ఉంటే వెళ్ళాలి, ఎవరైనా చనిపోతే శవాన్ని విమానం ఎక్కించేదాకా తోడుండాలి. అంతకు ముందొకసారి అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ చెరొక పక్షం నుంచి గెలిచి ఏడాదంతా మాట్లాడుకోలేదు. అందుకే ఇద్దరూ జోడీగా నిలబడాలని, ఇద్దరికీ కలిపి ఒకే ఓటు వేయాలని నియమం పెట్టారు. ఓటంటే సమావేశంలో చెయ్యెత్తడమే.

విశ్వనాథం గారు కాకినాడ మనిషి, మరో కంపెనీలో ఇంజినీరు. నిజాయితీపరుడు, ఉపన్యాసం బాగా చెప్పగలడు. ఎదుటి పక్షంలో ఒక పెద్ద దుకాణం మేనేజరు ఉన్నాడు. అతడు ప్రతి శుక్రవారం క్యాంపులకు బిర్యానీ దేగ్చాలు పంపుతున్నాడు. ఆ పక్షానికి బిర్యానీ పార్టీ అని అప్పటికే పేరు పడింది.

ముందుగా నన్నే నిలబడమన్నందుకు నేను కృతజ్ఞత చెప్పి నిరాకరించాను. నేను కంపెనీ మనిషిని. నా బల్ల ముందు కుర్చీ చూపిస్తే కూర్చోవడానికే జంకే కార్మికుడు నాకు ఓటు వేయవచ్చు గానీ, తన కష్టం చెప్పుకోడు. ఆయన కాదనలేదు. నిజానికి ఆయన మనసులో మరో పేరు సిద్ధంగా ఉంది: గంగారెడ్డి మేస్త్రి.

గంగారెడ్డి జగిత్యాల వైపు ఒక పల్లె నుంచి వచ్చాడు. మాకంటే ముందు దుబాయ్ (మా వైపు గల్ఫ్ అంతటికీ అదే పేరు) చూసినవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన ప్రతి కుర్రవాడూ మొదటి రాత్రి అతని గదిలోనే పడుకున్నాడు. తాళం కప్ప కొనిపెట్టడం నుంచి బాసు దగ్గర సెలవు అడగడం దాకా అన్నీ అతనే చూసేవాడు. క్యాంపులో అతను చెయ్యెత్తితే వెనుక అందరి చేతులూ లేస్తాయి. విశ్వనాథం గారి లెక్క సూటిగా ఉంది: తాను కోస్తా, పక్కన తెలంగాణ. తాను ఆఫీసు, పక్కన క్యాంపు.

ఈ లెక్క ఇప్పటికీ అందరూ వేస్తారు. తనలో లేనిది పక్కవాడిలో ఉంటే చాలనుకుంటారు. అది సగం నిజం. పక్కవాడు తెచ్చే ఓట్లు ఒక రోజు పని, ఆ తర్వాత ఏడాదంతా అతను చేయవలసిన పని వేరే ఉంటుంది. ఎంపిక చేసేటప్పుడు ఆ ఏడాదిని కళ్ళ ముందు పెట్టుకోవాలని నేను చెప్పాను. ఆయన విన్నారు, కానీ ఒప్పుకోలేదు. పేర్లు ఇవ్వడానికి ఇంకా నెలకు పైగా గడువుంది, ఈలోగా చూద్దామన్నారు.

ఆసుపత్రిలో ఒక మంచం

మా కంపెనీలో ఇనుము కట్టే పనివాడు లింగయ్య, గంగారెడ్డి క్యాంపుకు వార్త చేరనంత దూరపు పనిచోట, అప్పటికి కొన్ని వారాల క్రితం పరంజా మీది నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక ఆపరేషను అయింది గానీ చీము పట్టింది. పుండు మానాక రెండో ఆపరేషను చేస్తే కాలు నిలుస్తుందని, లేకపోతే ఆశ వదులుకోవలసిందేనని డాక్టరు చెప్పాడు. కంపెనీ తరఫున వారం వారం వెళ్ళి చూసి రావడం నా విధి.

ఆ వార్డులో కరుణమ్మ గారు నర్సు. బాపట్ల దగ్గరి మనిషి, ముప్పై అయిదు దాటి ఉంటుంది. మాటలు తక్కువ. ఒకసారి లింగయ్య మంచం దగ్గరి చార్టులో ఊరు నిజామాబాదు అని ఉండడం గమనించి, అది తప్పని, అతను జగిత్యాల దగ్గరి పల్లె వాడని చెప్పాను. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"తెలుసండి. అతనే అలా రాయించుకున్నాడు. వాళ్ళ ఊరి వాళ్ళు శుక్రవారం శుక్రవారం వస్తారు కదండీ, తెలుసుకుని ఇంటికి చేరేస్తారని భయం. అతను ఏ ఊరంటే మాకు ఆ ఊరే."

లింగయ్య తన తల్లి మల్లవ్వకు తాను కులాసాగా ఉన్నానని చెబుతూ ఆసుపత్రి నుంచే కేసెట్లు పంపుతున్నాడు. ఆ రోజుల్లో ఉత్తరం చదవలేని ఇళ్ళకు కేసెట్టే ఉత్తరం. క్యాంపులో టేప్‌రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, ఊరికి వెళ్ళేవాడి చేతిలో పెడితే, వారం తిరగకుండా ఆ గొంతు ఇంటి అరుగు మీద వినిపించేది.

ఆ తర్వాతి శుక్రవారం విశ్వనాథం గారు గంగారెడ్డిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. ఎన్నికల ముందు రోగులను పలకరించడం అన్ని పక్షాలూ చేసే పనే. గంగారెడ్డి మంచాలు దాటుకుంటూ వచ్చి లింగయ్య ముందు ఆగిపోయాడు. మల్లవ్వ అతనికి వదిన వరుస. అతను ఆ కుర్రవాడి తల నిమిరి, నారింజపండు వలిచి తినిపించి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడని నాకు తర్వాత తెలిసింది. ఆ వారంలోనే ఊరికి వెళ్తున్న ఒకతని చేతిలో మల్లవ్వకు కేసెట్టు పంపాడు. నీ కొడుకు కాలు విరిగి మంచంలో ఉన్నాడు, కాలు ఉంటుందో పోతుందో తెలియదు, నేనున్నాను, రంది పడకు అని అందులో చెప్పాడు. అది ప్రేమతో చేసిన పనే. నేను ఆ మాట ముందుగానే స్పష్టం చేయాలి, ఎందుకంటే చెడ్డవాడి వల్ల జరిగే నష్టం నుంచి మనం నేర్చుకునేది తక్కువ.

ఎవరికి తెలియకూడదు

ఆ కేసెట్టు సంగతి నాకింకా తెలియదు. నేను నా పద్ధతిలో గంగారెడ్డిని పరీక్షిస్తున్నాను. పద్ధతి అంటే అతన్ని ప్రశ్నించడం కాదు. తన గురించి తాను చెప్పుకునే మాటలు ఎంత మంచివైనా ఎంపికకు పనికిరావు. అతనితో కలిసి బతికేవారిని అడగాలి, అదీ సరైన ప్రశ్న అడగాలి. "గంగారెడ్డి ఎలాంటివాడు" అని అడిగితే క్యాంపు మొత్తం దేవుడంటుంది. అందుకని నేను పనివేళల్లో ఒక్కొక్కరిని విడిగా పలకరించి, నీకేదైనా కష్టం వస్తే ముందుగా ఎవరికి తెలియకూడదని కోరుకుంటావని అడిగాను.

వాళ్ళలో చాలామంది నవ్వారు. ఒకడు చుట్టూ చూసి, "గంగన్నకు తెల్వొద్దు సారూ," అన్నాడు.

"అదేంటి, నీకు అంత సాయం చేస్తాడు కదా?"

"చేస్తడు. పానం ఇస్తడు. గని గంగన్నకు తెలిస్తె మా అవ్వకు తెలిసినట్టే. రేడియోకైన బ్యాటరీ అయిపోతది గని, గంగన్నకు అయిపోదు."

దాదాపు అందరూ అదే పేరు చెప్పారు. మన ఊళ్ళలో సొంత ఊరి మనిషంటే రక్షణ. దుబాయ్‌లో ఊరి మనిషి రక్షణతో పాటు కిటికీ కూడా. ఆ కిటికీలోంచి ఇంటివాళ్ళు చూస్తుంటారు. కష్టం ఇంటికి తెలియకుండా మోయడమే ఇక్కడి మగవాళ్ళ పరువు. తిండికి, పడకకు, పనికి ఊరివాణ్ని వెతుక్కుంటారు. జబ్బుకు, జైలుకు, అవమానానికి పరాయివాణ్ని వెతుక్కుంటారు. విశ్వనాథం గారి లెక్కలో ఈ అంకె లేదు. నిజం చెప్పాలంటే నా పుస్తకాల్లో కూడా లేదు.

ఎవరికి తెలిసినా ఫరవాలేదని కూడా అడిగాను. కొందరు మలయాళీ కాంపౌండరు పేరు చెప్పారు. ఆసుపత్రికి వెళ్ళివచ్చినవాళ్ళు మాత్రం "బాపట్ల సిస్టరమ్మ" అన్నారు.

మల్లవ్వ గొంతు

మూడు వారాల తర్వాత మల్లవ్వ నుంచి జవాబు కేసెట్టు వచ్చింది. దాన్ని పక్క మంచం మీది అతని టేప్‌రికార్డరులో పెట్టుకుని లింగయ్య విన్నాడు. గంగారెడ్డి కాలు విరిగిందంటాడు, నువ్వు కులాసా అంటావు, నువ్వు బతికే ఉన్నావో లేదో నాకెవరూ నిజం చెప్పడం లేదు, నిన్ను కళ్ళారా చూసేదాకా ముద్ద ముట్టను అని తల్లి ఏడ్చింది. మర్నాడు నేను వెళ్ళేసరికి లింగయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గంగారెడ్డి పంపిన కేసెట్టు సంగతి అప్పుడే నాకు చెప్పాడు.

"నన్ను పంపియ్యి సారూ. ఖలాస్ చెయ్యి," అన్నాడు.

ఆపరేషను పది రోజుల్లో ఉందని, ఇప్పుడు వెళ్తే కాలు దక్కదని చెప్పాను.

"కాలు వోతె పోనీ. అవ్వ వోతె ఎట్ల?"

ఖలాస్ అంటే కంపెనీతో తెగతెంపులు, వీసా రద్దు. ఒకసారి రద్దయితే తిరిగి వచ్చి ఇక్కడ ఆపరేషను చేయించుకునే దారి లేదు. ఊళ్ళో అంతటి ఆపరేషను ఎవరు చేయిస్తారు? ముదీర్‌కు విషయం చెబితే, అతనే పోతానంటున్నప్పుడు మనం ఆపేదేముంది, యల్లా, కానివ్వు, పంపించు అన్నాడు. కంపెనీకి అది తేలిక. మంచంలో ఉన్న మనిషి జాబితాలోంచి పోతాడు. నేను ఒక్క వారం గడువు అడిగాను. మనిషి నొప్పిలోనో భయంలోనో అడిగినదాన్ని వెంటనే ఇవ్వడం మర్యాద కాదని, ఖోర్ ఫక్కాన్ గోడ కూడా తొందరలోనే పోశారని గుర్తుచేశాను. సరే, గురువారం దాకా అన్నాడు ఆయన.

సాయంత్రం గంగారెడ్డిని, విశ్వనాథం గారిని ఆసుపత్రికి రమ్మన్నాను. వార్డు బయట వరండాలో కరుణమ్మ గారు మాతో నిలబడి మాట్లాడింది. జరిగింది విన్న గంగారెడ్డి ముఖం నల్లబడింది.

"అంటే నేను చెప్పుడు తప్పంటరా? మల్లవ్వ కొడుకు ఇట్ల మంచంల పడి ఉంటె, నేను జూసి జూడనట్టు పోవాల్నా? రేపు ఊరికి వోతె ఆమె నా మొఖం మీద ఉమ్మదా?"

"చూడనట్టు పోవద్దండి," అంది ఆమె. "ముందు అతన్ని అడగాలి కదండీ. కాలు అతనిది. అమ్మ కూడా అతని అమ్మే."

"అడిగితె వద్దంటడు."

"వద్దంటే ఆగాలండి, మేస్త్రి గారూ."

నేను ఇక్కడితో ఆమె మందలింపు అయిపోతుందనుకున్నాను. ఎంతోమంది మంచివాళ్ళు అక్కడితో ఆగిపోతారు. తప్పు చేసినవాడికి తప్పు చూపించాక తమ పని అయిందనుకుంటారు. ఆమె మాత్రం, ఇప్పుడు మీ సాయం లేకుండా ఈ పని కాదండి అంది. మల్లవ్వకు ఇక కొడుకు మాట మీద నమ్మకం లేదు, ఇన్నాళ్ళూ కులాసా అని చెప్పాడు గనుక. నర్సు ఎవరో ఆమెకు తెలియదు. ఆమె నమ్మేది గంగారెడ్డి గొంతు ఒక్కటే. డాక్టరు చెప్పిన మాట మొత్తం మీరే చెప్పాలి, కానీ లింగయ్య ఒప్పుకుంటేనే అంది.

ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. మేము ముగ్గురం వరండాలో నిలబడ్డాం. మంచం తెర వెనుక ఏం మాట్లాడిందో నాకు తెలియదు. చాలాసేపటికి బయటకు వచ్చి, ముందు తానే మాట్లాడతానంటున్నాడు, ఆ తర్వాత మీరు అని గంగారెడ్డికి చెప్పింది.

టేప్‌రికార్డరు మంచం మీద పెట్టారు. లింగయ్య మొదట దగ్గి, తర్వాత మొదలుపెట్టాడు. "అవ్వా, నేను లింగాన్ని. పానంతోనే ఉన్న. కాలు ఇరిగింది. నీకు రంది ఎందుకని ఇన్నొద్దులు చెప్పలేదు. ఇప్పుడు మొత్తం చెప్త, ఇను." పడ్డ సంగతి, చీము సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆ తర్వాత గంగారెడ్డి యంత్రం మీదికి వంగాడు.

"వదినే, నేను గంగారెడ్డిని. పోయినసారి నేను చెప్పింది సగమే. డాక్టర్ మాట ఇనకముందే చెప్పిన. కాలు పోలేదు. ఇంకో ఆపరేషన్ అయితె నిలవడతడు. ఇప్పుడే వస్తె కుంటోడై వస్తడు. నీ కొడుకును ఈడ నేనే ఆపుతున్న. తిట్టేదుంటె నన్ను తిట్టు. బువ్వ తిను."

ఆ కేసెట్టు మర్నాడే విమానం ఎక్కింది. దానికి జవాబు రావడానికి ఎన్నో రోజులు పడుతుంది. కానీ లింగయ్య జవాబు కోసం ఆగలేదు. తల్లికి నిజం చెప్పాక అతనికి పరుగెత్తి పోవలసిన అవసరం తగ్గింది. బుధవారం నేను వెళ్ళినప్పుడు ఇక ఖలాస్ మాట ఎత్తలేదు, ఆపరేషనుకు ముందు ఎన్ని గంటలు తిండి మానాలని అడిగాడు. ముదీర్‌కు చెబితే, తల ఊపి మరో కాగితం మీదికి చూపు తిప్పాడు.

చెప్పవలసినవాడే చెప్పాలి

పేర్లు ఇవ్వవలసిన రోజు దగ్గరపడింది. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ టాక్సీలో నేను విశ్వనాథం గారితో నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పాను. మీ పక్కన నిలబడవలసిన మనిషి కరుణమ్మ గారు. అడగకుండా చెప్పదు. చెప్పవలసినప్పుడు ఎవరికైనా ఎదురుగా చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తప్పు చేసిన పెద్దమనిషిని చిన్నబుచ్చకుండా మళ్ళీ పనిలో పెట్టింది. నా ఉద్యోగంలో ఈ మూడూ ఒకే మనిషిలో నాకు అరుదుగా కనిపించాయి.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, గంగారెడ్డి లేకపోతే క్యాంపు చేతులు లేవవండి, ఓడిపోయాక ఎంత మంచి జోడీ అయితే ఏం లాభం అన్నారు. అది నిజమైన భయమే. ఓడిపోతే ఆసుపత్రి పని బిర్యానీ పార్టీ చేతుల్లోకి పోతుంది. వాళ్ళ ఉపాధ్యక్ష అభ్యర్థి ఆసుపత్రి ఏ వీధిలో ఉందో కూడా తెలియనివాడు. నేను గెలుపు గురించి హామీ ఇవ్వలేదు. అది నా పని కాదు. సరైన మనిషి ఎవరో చెప్పడం వరకే నా పని, తెగించడం అభ్యర్థి పని.

ఆయన తెగించారు. కరుణమ్మ గారిని అడగడానికి ఇద్దరం వెళ్ళాం. ఆమె, నైట్ డ్యూటీ వారాల్లో సమావేశాలకు రానని, ఉపన్యాసాలు చెప్పనని, ఆసుపత్రికి ఎవరు వెళ్ళాలో మాత్రం తాను చెప్పినట్టు జరగాలని అంది. మూడు షరతులూ ఒప్పుకున్నాం.

తర్వాత విశ్వనాథం గారు చేసిన పనిని నేను ఈ వృత్తిలో ప్రతి ఒక్కరికీ చెబుతాను. కాదన్న మాటను మరొకరి నోట పంపలేదు. తానే క్యాంపుకు వెళ్ళి, గంగారెడ్డి గదిలో కింద చాప మీద కూర్చుని చెప్పారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"అంటే నేను పనికి రాననా, ఇంజినీర్ సారూ?"

"వస్తారు. పనికిరానివారైతే చెప్పడానికి నేనే వచ్చేవాణ్ని కాను, కబురు పంపేవాణ్ని."

గంగారెడ్డి టీ పోసి ఇచ్చాడు. తానైతే తాగలేదు. సమావేశానికి వస్తాననీ రాననీ చెప్పలేదు.

వార్త బయటపడగానే క్యాంపులో నవ్వులు మొదలయ్యాయి. మా జోడీకి సూది పార్టీ అని పేరు పెట్టారు. ఆడమనిషికి చెయ్యెత్తి ఊళ్ళో ఎట్లా చెప్పుకుంటామని కొందరు గొణిగారు. బిర్యానీ తిని పండుకుంటే సూది నొప్పి తెల్వదని ఒకడు పాట కట్టాడు. కరుణమ్మ గారు ఇవన్నీ విని, సూది వేసేటప్పుడు వీళ్ళెవరూ ఇంత గట్టిగా నవ్వరండి అంది.

చాయ్

నవంబరు చివరి శుక్రవారం, మధ్యాహ్నపు నమాజు అయ్యాక, అద్దెకు తీసుకున్న హాలులో సమావేశం జరిగింది. గంగారెడ్డి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. వెనుక వరుసలన్నీ అతని మనుషులే. ముందుగా దుకాణం మేనేజరు జోడీ పేర్లు చదివి చేతులెత్తమన్నారు. కొన్ని చేతులు లేచాయి. చాలామంది గంగారెడ్డి వీపు వైపే చూస్తున్నారు. అతను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలలేదు.

తర్వాత విశ్వనాథం, కరుణమ్మ అని చదివారు. గంగారెడ్డి లేచి నిలబడ్డాడు. వ్యతిరేకంగా మాట్లాడతాడేమోననుకున్నాను.

"నేనుంటె పోరగాండ్లు నా మొఖం జూస్తరు," అని ఎన్నికల అధికారితో మామూలు గొంతుతో అన్నాడు. "నేను చాయ్ తాగొస్త. మీరు లెక్కవెట్టుండ్రి."

అతను బయటకు వెళ్ళి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న కెఫటేరియాలో మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆ తర్వాత మూడో వరుసలో ఒక చెయ్యి లేచింది. ఆసుపత్రి చూసివచ్చినవాడిదే అనుకుంటాను. దాని తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి, వరుసగా కాకుండా, ఒకరిని చూసి ఒకరు కాకుండా లేచాయి. రెండుసార్లు లెక్కపెట్టారు. విశ్వనాథం గారి జోడీ గెలిచింది. గొప్ప మెజారిటీ కాదు, సందేహం లేని మెజారిటీ.

నేను అనేక ఎంపికలు చేశాను. వాటిలో చాలా మరిచిపోయాను. ఒక మనిషిని ఎంచుకున్నప్పుడు ఎంపిక కాని మనిషి ఏం చేస్తాడన్నది కూడా ఆ ఎంపికలో భాగమేనని ఆ రోజు తెలుసుకున్నాను. కాదనిపించుకున్నాక కూడా తన మనుషులను స్వేచ్ఛగా వదిలి వెళ్ళేంత గౌరవం ఆ మనిషికి మిగిలేలా కాదనడం మన చేతిలో ఉంది.

ఆ తర్వాత

లింగయ్యకు రెండో ఆపరేషను జరిగింది. కాలు నిలిచింది. నడకలో కొద్దిగా తేడా మిగిలింది. ఇనుము పనికి బదులు అతన్ని స్టోరులోకి మార్చాం. మల్లవ్వ నుంచి వచ్చిన కేసెట్టులో గంగారెడ్డికి కావలసినన్ని తిట్లున్నాయి. అతను దాన్ని క్యాంపులో అందరికీ వినిపించాడు.

సంఘంలో ఆసుపత్రికి వెళ్ళే పని ఊరి పెద్దల చేతి నుంచి మారింది. రోగి ఊరివాళ్ళను కాకుండా వేరే జిల్లా వాళ్ళను పంపే పద్ధతి కరుణమ్మ గారు పెట్టారు. రోగి ఒప్పుకోనిదే అతని సంగతి ఊరికి చేర్చకూడదన్నారు. మరుసటి ఏడాది నుంచి చేతులెత్తడం మాని, చీటీలతో ఓటు వేశారు.